పాచి పట్టిన అద్దం

తెలుగులో పాచి అన్న మాటకు పరిధి ఎక్కువ. తెల్లవారి లేవగానే పళ్ళ మీద ఉండేది పాచి. బావిమెట్ల మీద కాలు జారేలా చేసేది పాచి. రాత్రి మిగిలినది పాచి అన్నం. పొద్దున్నే వాకిలి ఊడ్చి అంట్లు తోమేది పాచిపని. ఎవరూ పిలవకుండానే, ఒక్క రాత్రి గడిచేసరికి తడి ఉన్నచోటల్లా చేరిపోయేదన్న అర్థం ఈ వాడుకల్లో చాలావాటికి అడుగున ఉంది. పళ్ళ మీది పాచీ బావిమెట్ల మీది పాచీ ఒకే తరహా వ్యవహారమని చెప్పడానికి సూక్ష్మజీవశాస్త్రానికి చాలాకాలం పట్టింది. గట్టి తలాన్ని పట్టుకుని, జిగురు స్రవించి, ఆ జిగురులోనే కాపురం పెట్టిన జీవుల సముదాయాలు రెండూ. మన భాష మాత్రం రెంటికీ ఒకే పేరు ముందే పెట్టి ఉంచింది.

ఇంట్లో పగడాల కోసం ఉప్పునీటి తొట్టి పెట్టుకున్నవారికి ఈ పాచితో పరిచయం మొదటి నెలలోనే కలుగుతుంది. రెండోవారం తిరిగేసరికి ఇసుక మీదా అద్దం మీదా కాఫీపొడి చల్లినట్టు గోధుమరంగు పొర పరచుకుంటుంది. అవి డయాటములు, సిలికా పెంకుల్లో బతికే ఏకకణ జీవులు. కొత్త ఇసుక నుంచీ కొళాయి నీటి నుంచీ వచ్చిన సిలికేటు ఖర్చయిపోతే చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. తర్వాత ముదురెరుపు జిగట దుప్పటి ఒకటి వస్తుంది. దాన్ని నాచు అనడం వాడుకే గాని, నిజానికి అది సయనోబాక్టీరియా. దాని వెనక ఆకుపచ్చని వెంట్రుకల్లాంటి నాచు రాళ్ళను కప్పేస్తుంది. అంతవరకూ ఓపిక పట్టినవారికి, ఏ ఐదారు నెలలకో, రాళ్ళ మీద గులాబిరంగు సున్నపు నాచు మచ్చలు కనిపిస్తాయి. అన్ని తొట్లలోనూ క్రమం అచ్చంగా ఇలాగే నడవదు. కాని కొత్త తొట్టికి పాచి పట్టడం మాత్రం తప్పదు.

మనుషులు దీన్ని అద్దం ఇవతలి నుంచి చూడటం మొదలుపెట్టి నూటడెబ్బై ఏళ్ళు దాటింది. వారికి ఏమర్థమైంది, ఏ మందు వేశారు అన్నది నాకు ఆసక్తి కలిగించిన విషయం. అందుకు కారణం నా స్వంత పొరపాటు ఒకటి. దాని సంగతి తర్వాత.

కథ ఒక వైద్యుడితో మొదలవుతుంది. లండన్ తూర్పుభాగంలో వెల్‌క్లోజ్ స్క్వేర్‌లో వైద్యం చేసే నథానియల్ బాగ్‌షా వార్డ్‌కు మొక్కల పిచ్చి. ఆ పేటలోని బొగ్గుపొగకు ఆయన ఫెర్న్ మొక్కలు ఒక్కటీ బతికేవి కావు. 1829లో ఒక చిమ్మట ప్యూపా దశ నుంచి ఎలా బయటికి వస్తుందో చూద్దామని దాన్ని తడిమట్టిలో ఉంచి సీసా మూత బిగించాడు. ఆ మట్టిలోంచి, నీళ్ళు పోయకుండానే, ఒక ఫెర్నూ కాస్త గడ్డీ మొలిచాయి. మూసిన గాజులో మొక్క తన నీటిని తానే తిప్పుకుంటూ బతుకుతుందని గ్రహించిన వార్డ్ 1842లో దాని మీద పుస్తకం రాశాడు. చైనా తేయాకు మొక్కలు హిమాలయపు తోటలకు చేరింది ఆ తరహా పెట్టెల్లోనే. 1845లో బ్రిటన్ గాజు మీద పన్ను ఎత్తివేయడంతో ఈ ఆట మధ్యతరగతికి కూడా అందుబాటులోకి వచ్చింది.

గాజులో మొక్క బతికితే చేప ఎందుకు బతకకూడదు? సముద్రజీవుల విషయంలో ఈ ప్రశ్నను చేతలతో అడిగినవారిలో తొలివ్యక్తి ఆనా థిన్. ఆమె భర్త వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో మతాధికారి. 1846లో టార్కీ తీరంలో పగడపు జీవులను చూసి ముచ్చటపడి, వాటిని కూజాలో పెట్టుకుని లండన్ తెచ్చింది. సముద్రం దగ్గర్లో లేదు. రోజూ కొత్త ఉప్పునీరు తెప్పించడం కష్టం. ఆమె కనుక్కున్న ఉపాయం, తెరిచిన కిటికీ దగ్గర నిలబడి నీటిని ఒక పాత్ర నుంచి మరొక పాత్రలోకి ధారగా పోయడం, తిరగపోయడం. ఆ పని ఇంటి పనిమనిషి చేసేది. పాచిపని చేసే చేతులే పగడాలకు ప్రాణవాయువును కూడా అందించాయన్నమాట. ఆ పనిమనిషి పేరు చరిత్రకెక్కలేదు. మరుసటి ఏడు థిన్ ఆ పాత్రల్లో సముద్రపు నాచును కూడా చేర్చింది. పగడాలు బతకడమే కాదు, పిల్లల్ని కూడా పెట్టాయి. కాని ఆమె తన అనుభవాన్ని ప్రకటించింది 1859లో. ఆలోగా ఖ్యాతి మరొకరికి దక్కింది.

ఆ మరొకరు రాబర్ట్ వారింగ్టన్, లండన్ అపోథికరీల సంఘంలో రసాయనవేత్త. మందుల స్వచ్ఛతను పరీక్షించడం ఆయన వృత్తి. 1849లో ఆయన పన్నెండు గాలన్ల తొట్టిలో రెండు బంగారుచేపలను, ఒక వాలిస్నేరియా మొక్కను పెట్టాడు. అప్పటికి ప్రీస్ట్లీ పుదీనా ప్రయోగానికి దాదాపు ఎనభై ఏళ్ళు నిండాయి. మొక్క వదిలిన వాయువుతో జంతువు, జంతువు వదిలిన వాయువుతో మొక్క బతుకుతాయన్నది చదువుకున్నవారందరికీ తెలిసిన మాటే. లెక్క ప్రకారం తొట్టి సమతౌల్యంలో ఉండాలి. ఉండలేదు. ఆకులు కుళ్ళాయి, నీరు మురికయింది, అద్దానికి పచ్చని పాచి పట్టింది.

ఇక్కడ వారింగ్టన్ చేసిన పని నాకు చాలా గొప్పగా తోస్తుంది. ప్రయోగశాల నిండా ఆమ్లాలూ క్షారాలూ ఉన్న రసాయనవేత్త తొట్టిలో ఏ రసాయనమూ వేయలేదు. చెరువుల్లో కుళ్ళిన ఆకును తినేది ఎవరని ఆలోచించి, ఐదారు చెరువు నత్తలను తెచ్చి వేశాడు. అవి పాచిని గోకి తిన్నాయి, కుళ్ళిన ఆకులు తిన్నాయి, గుడ్లు పెట్టాయి. ఆ గుడ్లను చేపలు తిన్నాయి. 1850 మార్చిలో ఈ సంగతిని కెమికల్ సొసైటీలో చదివి వినిపించాడు. జంతువు, మొక్క అన్న రెండు పాత్రల నాటకంలో మూడో పాత్ర ఉందని ఆయన చెప్పాడు. అది మేసేవాడు. రెండేళ్ళ తర్వాత ఉప్పునీటి తొట్టితో అదే ప్రయత్నం చేసినప్పుడు కూడా ఎర్రనాచూ గోధుమనాచూ నిలవలేదనీ, ఆకుపచ్చ నాచు నిలిచిందనీ, అద్దాన్ని శుభ్రంగా ఉంచడానికి తీరపు గుల్లనత్తలు పనికొచ్చాయనీ రాశాడు.

తర్వాతి దశాబ్దం వేలంవెర్రి. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపలశాల తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో అక్వేరియం అన్న పేరు స్థిరపడింది. అదే ఏడు గాస్ నాలుగు లవణాలు కలిపి కృత్రిమ సముద్రజలం తయారుచేశాడు. తయారైన నీటిలో వెంటనే జీవుల్ని వేయలేదు. తీరపు గులకరాళ్ళూ, నాచు అంటుకుని ఉన్న రాతిముక్కలూ అడుగున పరచి, నీటిని కొన్నిరోజులు అలాగే ఉంచాడు. నాచు విత్తులు నీటిలో కలవాలని ఆయన ఉద్దేశం. కారణం పూర్తిగా సరైనది కాకపోయినా పద్ధతి సరైనదే. ఆ రాళ్ళతోపాటు నీటిలోకి వచ్చినవాటి పేరు మరో ముప్ఫయి ఆరేళ్ళ దాకా ఎవరికీ తెలియదు. గాస్ పుస్తకాలు చదివినవాళ్ళు తీరాల మీద పడి రాతిమడుగులను ఊడ్చేశారు. తండ్రి అంతులేని జీవసంపదను చూపిన చోట ఏమీ మిగలలేదని కొడుకు ఎడ్మండ్ గాస్ 1907లో తన ఆత్మకథాత్మక గ్రంథంలో వాపోయాడు.

ఆ ఇళ్ళలోని తొట్లలో చాలావాటికి పట్టిన గతి ఊహించుకోవచ్చు. వెలుతురు కోసం కిటికీలో పెట్టేవారు. నీరు బఠాణీ పప్పులా పచ్చబడేది. పారబోసి కొత్తనీరు పోసేవారు. మళ్ళీ పచ్చబడేది. సమతౌల్య సిద్ధాంతంలో లోపమల్లా అది వాయువులను మాత్రమే లెక్కపెట్టడం. చేప తన మొప్పల ద్వారా నేరుగా నీటిలోకి వదిలే అమోనియా ఆ లెక్కలో లేదు. మనుషుల్లో కాలేయం దాన్ని యూరియాగా మార్చి మూత్రపిండాలకు అప్పగిస్తుంది. కాలేయం చెడితే అమోనియా మెదడుకు ఏం చేస్తుందో మా వృత్తిలో రోజూ చూస్తాం. చేపకు ఆ బాధ లేదు, చుట్టూ సముద్రం ఉంది గనక. సముద్రాన్ని పన్నెండు గాలన్లకు కుదించినప్పుడు ఆ కాలేయం పని ఎవరో ఒకరు చేయాలి.

ఈ చిక్కును సగం విప్పినవాడు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. లండన్‌లో అక్వేరియం సరుకుల దుకాణం నడిపి, తర్వాత హాంబర్గ్‌లోనూ (1864), లండన్ క్రిస్టల్ పాలెస్‌లోనూ (1871) పెద్ద అక్వేరియాలను నిలబెట్టాడు. ఆయన పద్ధతి అప్పటి వాడుకకు తలకిందులు. చేపలున్న తొట్ల కన్నా ఎన్నో రెట్లు పెద్దదైన నీటి గుంటను భూమి కింద, చీకట్లో కట్టించి, పంపులతో ఆ నీటిని రాత్రింబవళ్ళు తిప్పాడు. చీకట్లో పాచి పెరగదు. పైకి వచ్చిన నీరు పచ్చబడేలోగా మళ్ళీ కిందికి వెళ్తుంది. కదలిక వల్ల గాలి కలిసి మలినాలు దహించుకుపోతాయని ఆయన వివరించాడు. దహించేది ఒట్టి గాలి కాదని చెప్పడానికి ఆయన దగ్గర ఆధారం లేదు.

ఆ ఆధారం కొంత వారింగ్టన్ ఇంట్లోనే తయారయింది. చరిత్రలో ఇలాంటి సంగతులు తగిలినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చోవాలనిపిస్తుంది. బంగారుచేపల వారింగ్టన్ 1867లో చనిపోయాడు. ఆయన కొడుకు పేరు కూడా రాబర్ట్ వారింగ్టనే. తండ్రి ప్రయోగశాలలోనే రసాయనశాస్త్రం నేర్చుకుని వ్యవసాయ పరిశోధనలోకి వెళ్ళాడు. లండన్‌కు ఉత్తరాన ఉన్న రోథామ్‌స్టెడ్ పొలాల్లో ఆయన పట్టుకున్న సమస్య, మట్టిలో అమోనియా నైట్రేటుగా ఎలా మారుతుందన్నది.

1877లో పారిస్‌లో ష్లోజింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టంలోంచి మురుగునీటిని మెల్లగా ఓడ్చారు. దాదాపు ఇరవై రోజులు ఏమీ జరగలేదు. కిందికి వచ్చిన నీటిలో అమోనియా అలాగే ఉంది. ఆ తర్వాత నైట్రేటు కనిపించసాగింది. అది కేవల రసాయనచర్య అయితే మొదటి రోజునే జరగాలి. ఇరవై రోజులు ఆగిందంటే అక్కడ ఏదో పెరుగుతోందన్నమాట. గొట్టంలోకి క్లోరోఫాం ఆవిరి పంపితే చర్య ఆగిపోయింది. తిరిగి కాస్త మట్టినీరు పోస్తే మళ్ళీ మొదలైంది. ఈనాడు కొత్త తొట్టి పెట్టినవారికి దుకాణందారు చెప్పే మొదటి మాట, మూడు నాలుగు వారాలు ఆగి చేపలు వేయమని. ఆ వారాల లెక్కకు మూలం ఆ గొట్టంలోనే కనిపిస్తుంది.

కొడుకు వారింగ్టన్ ఈ ప్రయోగాన్ని నిర్ధారించి ముందుకు తీసుకెళ్ళాడు. మార్పు రెండు అంచెల్లో జరుగుతుందనీ, అమోనియాను నైట్రైటుగా మార్చే జీవి వేరు, నైట్రైటును నైట్రేటుగా మార్చేది వేరు అనీ చూపాడు. ఇది చీకట్లో చక్కగా సాగుతుందనీ వెలుతురు దీనికి ఆటంకమనీ కూడా గమనించాడు. లాయిడ్ చీకటి గుంట పనిచేసిన కారణంలో ఇంకో సగం బహుశా ఇక్కడే ఉంది. కాని ఆ జీవులను విడదీసి పట్టుకోవడం ఆయన వల్ల కాలేదు. సూక్ష్మజీవులను పెంచడానికి అందరూ జెలటిన్ వాడే రోజులవి. ఇవి జెలటిన్ మీద పెరగవు. కర్బన పదార్థమేదీ లేని లవణ ద్రావణంలో వాటిని పెంచి 1890లో పట్టుకున్నవాడు జూరిక్‌లో ఉన్న సెర్గే వినోగ్రాడ్‌స్కీ. ఏళ్ళ తరబడి శ్రమించిన వారింగ్టన్‌కు అది చేజారిన గెలుపే. తండ్రి తొట్టిలో కనిపించకుండా పనిచేస్తూ వచ్చినవాటి దాయాదులనే పొలం మట్టిలో తాను వెతుకుతున్నానని ఆయనకు ఎప్పుడైనా తట్టిందో లేదో!

మా తెలుగు మీడియం సైన్సు పుస్తకంలో నత్రజని వలయం బొమ్మ ఉండేది. ఆవు, చిక్కుడుజాతి మొక్క, మెరుపు, వాటి మధ్య బాణాలు. ఆ బాణాలను పరీక్షలో తప్పులేకుండా గీసి మార్కులు తెచ్చుకున్నాను. ఒక్కో బాణం వెనక ప్రాణులున్నాయనీ, వాటికి ఎదగడానికి వ్యవధి కావాలనీ తెలుసుకున్నది మాత్రం యాభై దాటాక, ఒక తొట్టి ముందు కూర్చుని.

నా పొరపాటు ఇది. తొట్టి పెట్టిన మూడో నెలలో ఎర్రజిగట ఇసుకనంతా కప్పింది. అది బాక్టీరియా అని నాకు తెలుసు. బాక్టీరియాకు ఏం వేయాలో అంతకన్నా బాగా తెలుసు. జలుబుకు యాంటీబయాటిక్ రాయనని రోగులతో ఏళ్ళ తరబడి వాదిస్తూ వచ్చిన నేను, తొట్టిలో ఎరిత్రోమైసిన్ వేశాను. రెండురోజుల్లో ఎర్రదుప్పటి మాయమైంది. ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు. నాలుగోరోజు ఉదయం అమోనియా పరీక్షనీరు పసుపు నుంచి ముదురుపచ్చకు తిరిగింది. సాయంత్రానికి రెండు క్లౌన్ చేపలూ పోయాయి. మందు అమోనియాను మార్చే బాక్టీరియాను కూడా దెబ్బతీసిందో, చచ్చిన పాచి కుళ్ళి అంత అమోనియా వదిలిందో, రెండూనో తేల్చుకోలేను. ఏదైనా ప్రిస్క్రిప్షన్ నాదే.

ఇరవయ్యో శతాబ్దం నడిమి దశాబ్దాల్లో ఉప్పునీటి తొట్ల ధోరణి అంతా ఇలాంటిదే. సముద్రజలాన్ని వడకట్టి, అలంకారానికి పెట్టిన పగడపు అస్థిపంజరాలకు పాచి పడితే క్లోరిన్‌లో ముంచి తెల్లగా తోమి, మళ్ళీ పెట్టేవారు. నాచుకు రాగి మందు వేసేవారు. అది నత్తలనూ పగడాలనూ కూడా చంపుతుంది. తొట్టిలో బతికేవి ఏవో కొన్ని చేపలు. వాటి చుట్టూ ఆసుపత్రి గోడల్లాంటి తెల్లదనం. అదే కాలంలో జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రంలోంచి జీవాలతో నిండిన రాళ్ళను యథాతథంగా తెచ్చి తొట్టిలో పెట్టి, ఎండ తగలనిచ్చి, సన్నని గాలిబుడగలు మాత్రం వదిలాడు. ఆయన తొట్లలో పగడాలు బతికాయి. 1961లో ఒక అమెరికన్ చేపల పత్రికలో ఆ పద్ధతిని వివరించాడు. చాలామంది నమ్మలేదు. నమ్మి చేసినవారిలో కొందరికి ప్రయాణంలో చచ్చిన రాళ్ళు చేరి, తొట్టి కుళ్ళిపోయింది. బతికున్న రాళ్ళు తొట్టికి కాలేయంగా పనిచేస్తాయన్నది పడమటి దేశాల్లో సర్వసామాన్యమవడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది.

వాషింగ్టన్ స్మిత్సోనియన్ మ్యూజియంలో వాల్టర్ ఏడీ దారి ఇంకా విచిత్రం. ఆయన పాచిని చంపడానికి బదులు పక్కన వేరే తొట్టిలో, జల్లెడ మీద, దీపాల కింద, కావాలని పెంచాడు. అది నీటిలోని నత్రజనినీ ఫాస్ఫేటునూ పీల్చుకుని పెరుగుతుంది. దాన్ని గీకి పారేస్తే ఆ పోషకాలు తొట్టి నుంచి బయటికి పోతాయి. 1980లో ఆ మ్యూజియంలో పగడపు దిబ్బ ఈ పద్ధతి మీదే నిలిచింది. నాచును పనికి పెట్టుకోవడంలో ప్రమాదమూ లేకపోలేదు. తొట్లలో అందంగా, మొండిగా పెరిగే కాలెర్పా నాచు 1984లో మొనాకో సముద్రశాస్త్ర మ్యూజియం గోడల కింద, సముద్రంలో, సుమారు చదరపు మీటరు మేర కనిపించింది. ఐదేళ్ళకు అది హెక్టారు అయింది. తర్వాత మధ్యధరా తీరంలో వేల హెక్టార్లకు పాకింది. అది అక్వేరియాల్లో పెంచుతున్న రకమేనని జన్యుపరీక్షలు తేల్చాయి. 2000లో కాలిఫోర్నియా మడుగుల్లో కనిపించినప్పుడు టార్పాలిన్ కప్పి, కింద క్లోరిన్ పోసి, ఆరేళ్ళకు వదిలించుకున్నారు.

తొట్టిలో పాచి పడితే మహా అయితే ఒక యజమాని చిన్నబుచ్చుకుంటాడు. ఇదే సంగతి సముద్రంలో జరిగితే ఏమవుతుందో జమైకా చూపింది. అక్కడ దిబ్బల మీద నాచును మేసే చేపలను మనుషులు తరతరాలుగా పట్టి తినేశారు. అయినా దిబ్బలు పచ్చబడలేదు. నల్లని పొడవాటి ముళ్ళబంతిలాంటి డయడీమా అనే సముద్రజీవి చేపల వాటా కూడా తానే మేసింది. 1980లో పెద్ద తుపాను పగడాలను విరగ్గొట్టింది. 1983 జనవరిలో పనామా కాలువ కరీబియన్ కొస దగ్గర డయడీమాలు ముళ్ళు రాల్చి చావడం మొదలైంది. ఏడాదిలో ఆ వ్యాధి సముద్రమంతా పాకి, నూటికి తొంభైకి పైగా డయడీమాలను తుడిచిపెట్టింది. ఆ వ్యాధికారకం ఏదో తేలనేలేదు. టెర్రీ హ్యూజ్ 1994లో ప్రకటించిన లెక్కల ప్రకారం 1970ల చివర జమైకా దిబ్బల మీద సగానికి పైగా ఉన్న పగడం నూటికి ఐదు లోపుకు పడిపోయింది. నూటికి నాలుగు ఉన్న నాచు తొంభై రెండుకు పెరిగింది. వారింగ్టన్ తొట్టిలోంచి నత్తలను తీసేసినట్టే.

డయడీమా కొన్నిచోట్ల మెల్లగా తిరిగి వస్తున్న సమయంలో, 2022లో మళ్ళీ చావులు మొదలయ్యాయి. ఈసారి కారకాన్ని ఏడాదిలోనే పట్టుకున్నారు. అది ఒక సీలియేట్, ఏకకణ పరాన్నజీవి. ఇప్పుడు ఫ్లోరిడాలోని ప్రయోగశాలల్లో డయడీమాలను గుడ్ల నుంచి పెంచుతున్నారు. అది తేలికైన పని కాదు. డింభకాలు కంటికి ఆనవు, వారాల తరబడి నీటిలో తేలుతూనే ఉంటాయి, చిన్న తేడా వచ్చినా గుంపంతా పోతుంది. వాటికి మేతగా సీసాల్లో దీపాల కింద సూక్ష్మమైన నాచును సాగుచేస్తారు. అవి అడుగుకు దిగి ముళ్ళు తొడిగే రోజుకు, వాటి కాళ్ళ కిందికి పలచగా పాచి పట్టించిన పలకలు సిద్ధంగా ఉంచుతారు.